చిగురు పెట్టిన గుంజలు

ఇదివరకు తెల్లారుతూనే బిక్షపతి తోటలోంచి టక్, టక్‌మని చప్పుడు వచ్చేది. అది వినపడితే చుట్టుపక్కల ఇళ్లవాళ్లు వాకిలి ఊడ్చేందుకు చీపురు అందుకునేవాళ్లు. పక్క చేను వెంకటప్పయ్య గారి గేదె ఆ చప్పుడుకే పాలు చేపేది. ఏన్కూరు నుంచి ఇల్లందు పోయే మొదటి బస్సు కంటే జనం దాన్నే ఎక్కువ నమ్మేవాళ్లు. బస్సు ఒక్కోరోజు రాదు, బిక్షపతి తోటలోకి రాని రోజు లేదు. మామిడి మొక్కలకు తాను నిలబెట్టిన గుంజలను చిన్న సుత్తెతో ఒక్కొక్కటే కొట్టి, చెవి ఆనించి వినేవాడు. వెనకాలే అనంతమ్మ బుట్టలో కట్టె చీలికలు పట్టుకుని నడిచేది. "వదులు" అని ఆయన అంటే బిగించేందుకు ఒక చీలిక అందించేది. "గట్టి" అంటే ఊరకుండేది. మొగుడూ పెళ్లాలకు పొద్దుటిపూట ఆ రెండు మాటలే సరిపోయేవి.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం అన్నం తిని, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్న బిక్షపతి మళ్లీ లేవలేదు. కనిపించిన ప్రతిదాని కిందా గుంజ పెట్టిన మనిషి, చెప్పాపెట్టకుండా తాను కూలిపోయాడు.

పెద్ద దినం అయిన మర్నాడు వెంకటప్పయ్య గారు ఖాళీ చెంబు పట్టుకుని వచ్చి గడప బయట నిలబడ్డారు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొని స్థిరపడ్డ కుటుంబం వాళ్లది. మనిషి మంచివాడే, కానీ తనకు తెలిసింది చెప్పకుండా ఉండలేడు.

"అనంతమ్మా, ఇది అడగాల్సిన వేళ కాదు. కానీ మా గేదె చేపట్లేదమ్మా."

"దూడను విడిస్తిరా అప్పయ్యగారూ?"

"విడిచాం. తవుడు పెట్టాం. మా ఆవిడ పాట కూడా పాడింది. ఆ పాట విని దూడ పారిపోయింది గానీ గేదె కదల్లేదు. చెవులు రిక్కించి మీ తోటవంకే చూస్తోంది."

మర్నాడు తెల్లారగానే అనంతమ్మ సుత్తె తీసుకుని తోటలోకి వెళ్లింది. జన్మలో ఎప్పుడూ ఆ పని చేసింది కాదు. గుంజను కొట్టింది, చెవి ఆనించింది, ఏమీ తెలియలేదు. ఇంకోదాన్ని కొట్టింది. కంచె అవతల చెంబులోకి పాలు జుయ్యిమని దిగిన చప్పుడు మాత్రం వినపడింది. బిక్షపతి పోయినా పాలు ఆగలేదని అందరూ సంతోషించారు. తాను సంతోషించాలో వద్దో తెలియక అనంతమ్మ లోపలికి వెళ్లి పొయ్యి రాజేసింది. అప్పటి నుంచి అదే వరస. వినేవాళ్లు లేని గుంజలను ఆమె గేదె కోసం రోజూ కొడుతూ వచ్చింది.

అసలు బిక్షపతి సంగతి చెప్పాలి. ఇల్లందు బొగ్గుగనిలో ముప్పై ఏళ్లు టింబర్‌మన్‌గా చేశాడు. బొగ్గు తవ్విన చోట పైకప్పు కూలకుండా కట్టె గుంజలు నిలబెట్టే పని అది. ఆ పని ఆయన ఒంట్లోకి దిగిపోయింది. పెళ్లైన కొత్తలో అత్తవారింటికి వచ్చి, విస్తరి ముందు నుంచి లేచి దూలాన్ని కర్రతో కొట్టి విన్నాడు. అల్లుడికి ఇల్లు నచ్చలేదని అత్తగారు ఆ పూట అన్నం తినలేదు. ఆయన మాత్రం బయటికి వెళ్లి ఒక వెదురుబొంగు తెచ్చి దూలం కింద బిగించి, అప్పుడు కూర్చుని రెండోసారి పప్పు వడ్డించుకున్నాడు. పందిరి మీద సొరకాయ కాస్తే కాయకొక పుల్ల ఆసరా పెట్టేవాడు. ఎదుట నిలబడి మాట్లాడే మనిషి కాస్త ఒరిగితే చాలు, ఆయన కళ్లు చుట్టుపక్కల కట్టె కోసం వెతికేవి.

గనిలో రిటైరయ్యాక, అడవి అంచున ఈ ముక్క కొనుక్కుని, వేంసూరు దిక్కు నుంచి ఐదు మామిడి అంట్లు తెచ్చి నాటాడు. గనిలో దారులకు ఉన్నట్టే చెట్లకూ నంబర్లు పెట్టాడు. "ముప్పై ఏండ్లు భూమి కింద బతికిన అనంతా. పైన నేను గూడ ఉన్ననని చెప్పేటందుకు ఒక్క చెట్టన్న నిలబడాలె గద" అన్నాడు ఆమెతో. ఇంకేమీ అడగని మనిషి జీవితంలో అడిగింది అదొక్కటి.

అంటు మొక్కలు ఎదిగి కొమ్మలు వేయడం మొదలుపెట్టాయి. వెంకటప్పయ్య గారు కంచె మీద నుంచి, "బిక్షపతీ, ఆ అడ్డకొమ్మ కోసెయ్యవయ్యా, లేతప్పుడే దిద్దుకోవాలి" అన్నారు.

"కోసుడా? పైన ఉన్నది పడకుండ చూసుడు నా పని సారూ. పడగొట్టుడు నా చేత గాదు" అని, ఆయన ఆ అడ్డకొమ్మ కింద ఒక గుంజ నిలబెట్టాడు. కొమ్మ రెండైతే గుంజలు రెండయ్యాయి.

గొడవంతా ఆ గుంజల దగ్గరే వచ్చింది. వెంకటప్పయ్య గారు తమ కంచెలో గుంపెన చెట్టు కొట్టిస్తుంటే ఆ కొమ్మలన్నీ ఈయన అడిగి తెచ్చుకున్నాడు. పచ్చి కట్టె. అది వానాకాలం. పైగా గుంపెన ఎటువంటిదంటే, నేలలో పాతి మరిచిపోతే అదే చెట్టయి కూర్చుంటుంది. అడవి పక్కన పుట్టిన ఎవరికైనా తెలిసిన సంగతే. కానీ బిక్షపతి చీకట్లో గుంజలు పెట్టిన మనిషి.

ఒక పొద్దున, "అనంతా, జల్ది రా!" అని కేక వేశాడు. పాము కరిచిందేమోనని ఆమె పిండి చేతులతోనే పరుగెత్తింది. ఆయన ఒక గుంజ ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. గుంజ కణుపు దగ్గర లేతాకు, ఎలుక చెవంత.

"చూసినవా? గనిల ఎన్ని గుంజలు పెట్టిన్నో నాకే తెల్వది. ఒక్కటన్న గిట్ల ఆకు పెట్టలే." అని, ఆ ఆకును వేలికొసతో తాకి, "పాపం, చీకట్ల అవేం చేస్తయి" అన్నాడు.

ఆ రోజు దారిన పోయే ప్రతివాణ్నీ పిలిచి ఆ ఆకు చూపించాడు. ఆయన అంత సంబరపడగా అనంతమ్మ అంతకుముందు చూడలేదు, తరువాతా చూడలేదు.

ఇక గుంజలు ఆగలేదు. మామిడి కంటే జోరుగా పెరిగాయి. ఆకుల బరువుకు ఒక గుంజ ఒరిగితే దానికి ఇంకో గుంజ పెట్టాడు. అదీ చిగురించింది. మూడో ఏటికి ఏది చెట్టో ఏది గుంజో చెప్పాలంటే ఆకు నలిపి వాసన చూడాల్సి వచ్చింది. ఒకసారి అడవి గార్డు వచ్చి, ఇంత కర్ర ఎక్కడిదని గద్దించాడు. లెక్కపెట్టబోతే, నరికిన కర్ర అనుకున్నదాని మీద కాకి గూడు పెట్టి ఉంది. "ఇది కలపనా, చెట్టా?" అన్నాడు. "డ్యూటీల ఉన్న చెట్టు సార్" అన్నాడు బిక్షపతి. గార్డు మజ్జిగ తాగి, తల పట్టుకుని వెళ్లిపోయాడు.

ఇదంతా ఆయన ఉన్నప్పటి ముచ్చట. ఆయన పోయాక వచ్చిన ఎండాకాలంలో ఒకనాడు సుడిగాలి లేచి మూడో నంబరు మామిడి పంగ దగ్గర చీలింది. వెంకటప్పయ్య గారు చూడడానికి వచ్చి, గుంపెన కొమ్మలు తప్పించుకుంటూ లోపలికి దూరి, మామిడి కాండం పట్టుకుని చూపించారు.

"ఇదిగో, నాలుగేళ్ల చెట్టు. నా బొటనవేలు కంటే కాస్త లావు, అంతే. గాలికి ఊగితేనే అమ్మా కాండం బలిసేది. మీ ఆయన దీన్ని ఎప్పుడన్నా ఊగనిచ్చాడా?"

"లేదు."

"పిల్లను నేల మీద దింపకుండా పెళ్లీడు దాకా చంకనేసుకుని తిరిగినట్టుంది. పైన చూస్తే కొమ్మలు ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి. కింద చూస్తే గుంపెన దీని తిండి తింటోంది. మృగశిర లోపు గుంజలు తీసేసి కొమ్మలు దిద్దకపోతే, మొదటి గాలివానకు ఐదూ పోతాయి. ఒక్కటి మిగలదు."

ఒక్క చెట్టన్న నిలబడాలె గద, అన్న మాట అనంతమ్మ చెవిలో గిర్రున తిరిగింది. చెట్లు నిలవాలంటే ఆయనకు అంత సంబరం ఇచ్చిన గుంజలు పోవాలి. అవి ఉండాలంటే చెట్లు పోవాలి. అంతలో వెంకటప్పయ్య గారికి ఏదో తట్టి ముఖం మారింది.

"అన్నట్టు గుంజలన్నీ తీసేస్తే... గేదె సంగతి? ఒకటి ఉంచితే?"

"రోలును కొడత లేండి."

మాసికానికని వచ్చి ఉన్న ఆడబిడ్డ బతుకమ్మ ఈ మాటలన్నీ వాకిట్లోంచి వింటూనే ఉంది. బిక్షపతికి అక్క ఆమె. వెంకటప్పయ్య గారు అటు పోగానే ఇటు అందుకుంది.

"ఏంది మరదలా, ఏడు ఎల్లకముందే ఇంట్ల పచ్చికట్టె నరుకుతరా? మా తాననైతే సచ్చిపోయినోని ఇంట్ల ఏడాది దాక కరివేపాకు రెమ్మ గూడ తుంచరు."

"మొన్న పులుసుల ఏసింది నువ్వే గద వదినె."

"అది పక్కింటి చెట్టుది!"

"చెట్లు పోతయంటున్నరు వదినె."

"పోతే పోతయి. మా తమ్ముడు పెట్టిన గుంజ మీద చెయ్యేస్తే నేను ఈన్నే పండుకుంట, నా మీదికెల్లి నరుకుండ్రి." అని నిజంగానే చాప తెచ్చి ఐదో నంబరు కింద పరుచుకుంది. చీమలు కుట్టాక లేచింది గానీ మాట దిగలేదు.

చివరికి ఇద్దరూ ఒక్క మనిషి పేరు మీదే ఒప్పుకున్నారు. సారంగపాణి. గనిలో బిక్షపతి మీద సర్దార్‌గా, అంటే పనిపెద్దగా, చేసినవాడు. బస్సు డ్రైవరుతో కబురంపితే ఆ శుక్రవారమే దిగాడు, ఇద్దరు పాత జతగాళ్లతో. ముగ్గురి నెత్తి మీదా గని టోపీలు. సారంగపాణి మెడలో ఈల.

తోటను ఒకసారి చూసి ముగ్గురూ గేటు దగ్గరే ఆగి టోపీలు సర్దుకున్నారు. "మస్తు చేసిండు" అన్నాడు సారంగపాణి. "పెద్ద సారు తనిఖీకొస్తే గిట్ల ఉండాలె."

బతుకమ్మ తన వాదన చెప్పింది. సారంగపాణి ఒక గుంపెనను సుత్తెతో కొట్టి, చెవి పెట్టి, చాలాసేపు విన్నాడు.

"అక్కా, దీన్ని ఏమంటరు?"

"గుంజ."

"మొలిచిందా, పెట్టిందా?"

"మా తమ్ముడే పెట్టిండు గని, చెట్టయింది గదా?"

"పెట్టిందైతే గుంజనే. ఆకులు పెట్టుడంటవా, అది దాని సొంత సంగతి. మనకు సంబంధం లేదు. గుంజ తీసుడు నరుకుడు కిందికి రాదు."

బతుకమ్మ వెళ్లి ఐదో నంబరు కింది చాప చుట్టేసింది.

"గనిల గుంజ తీసుడుకు పద్ధతుంటది" అన్నాడు సారంగపాణి అందరినీ వరుసగా నిలబెట్టి. "లోపటి నుంచి షురూ చేసి గేటు దిక్కు వస్తం. బయటికి దారి ఎప్పుడు వీపు దిక్కుండాలె. నేను ఈల ఊదిన్నంటే అందరు ఉరకాలె. ఏం పట్టుకోవద్దు, ఎవలను పిలువద్దు."

వెంకటప్పయ్య గారు ఉండబట్టలేక, "ఏం కూలుతుందయ్యా ఇక్కడ? పైన ఉన్నది ఆకాశమేగా?" అన్నారు.

సారంగపాణి తలెత్తి చూశాడు. "గదే సారూ నా భయం. గింత పెద్ద కప్పు కింద ఒక్క గుంజ లేదు."

లోపలి కొసన ఉన్న ఐదో నంబరు దగ్గర మొదలుపెట్టారు. జతగాళ్లు గుంపెనను మొదట్లో రంపంతో కోస్తుంటే కట్టె కిర్రుమంది. అంతే, ఈల. ముగ్గురు గనివాళ్లూ లగెత్తారు. వాళ్లను చూసి బతుకమ్మ కుచ్చిళ్లు ఎత్తిపట్టి ఉరికింది. పైన ఉన్నది ఆకాశమేగా అన్న వెంకటప్పయ్య గారు అందరికంటే ముందు గేటు దాటారు, చెప్పులు తోటలోనే ఉండిపోయాయి. అనంతమ్మ కూడా ఉరికింది. ఎందుకు ఉరికిందో ఆమెకే తెలియదు. గనిలో చేసినన్నాళ్లూ మొగుడు రోజూ ఇట్లాంటి చోటు నుంచే ఇంటికి వచ్చేవాడని మాత్రం ఆ గేటు దగ్గర, ఎగరొప్పుతో, మొదటిసారి తెలిసింది.

గుంపెన ఆకులతో సహా వాలిపోయింది. దాని మీద ఆనుకున్న మామిడి మెల్లగా ఒకవైపు ఒంగి, పడబోయి, పడలేదు. జ్వరం నుంచి లేచిన మనిషి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిలబడినట్టు అక్కడే ఆగింది. అంతలో గాలి వచ్చింది. చెట్టు అటు కదిలింది, ఇటు కదిలింది.

"ఊగుతున్నది" అంది అనంతమ్మ.

సారంగపాణి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. బతుకమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

మిగతా గుంజలన్నిటికీ అదే పద్ధతి. కిర్రు, ఈల, ఉరుకుడు. రెండో నంబరుకు వచ్చేసరికి ఊళ్లో సగం మంది పోగయ్యారు. ఏ సంబంధం లేనివాళ్లు కూడా, బయటికి ఉరికేందుకని పనిగట్టుకుని లోపలికి వచ్చారు. ఒకామె చంటిపిల్లతో వచ్చి, "మా దిక్కు గట్టిగ ఊదు సర్దారన్నా, వినపడతలేదు" అని ఫిర్యాదు చేసింది. పొద్దువాలేసరికి గుంజలన్నీ నేల మీద ఉన్నాయి. ఐదు మామిళ్లు మాత్రం, సంతలో తప్పిపోయినవాళ్లలా, ఒకదాన్నొకటి చూసుకుంటూ నిలబడ్డాయి.

మర్నాడు కొమ్మలు దిద్దే పని. గనివాళ్లు ముగ్గురూ వెనక్కి తగ్గారు, కొమ్మ కోయడం వాళ్లకు రాదు. వెంకటప్పయ్య గారికి వస్తుంది గానీ చేతులు వణుకుతాయి. కూలిమనిషిని పిలుద్దామా అని ఆయన అంటుంటే బతుకమ్మ లోపల నుంచి చేతిరంపం తెచ్చి అనంతమ్మ ముందు పెట్టింది.

"ఎవల చెయ్యో తగిలే బదులు నీ చెయ్యే తగలనీ. వాడు ఊగనియ్యలే, నువ్వన్న ఊగనియ్యి."

వెంకటప్పయ్య గారు పక్కన నిలబడి చెబుతుంటే అనంతమ్మ కోసింది. "అంటు కట్టిన చోటుకు కింద వచ్చిన పిలక ఏదైనా సరే తీసెయ్, అది నాటుది. నడుమెత్తు దాకా ఒక్కటే బోదె ఉండాలి. పైన నాలుగు దిక్కులకు నాలుగు కొమ్మలు ఉంచు, అన్నీ ఒక్కచోట నుంచి మొలిచినవి కాకుండా చూడు. లోపలికి తిరిగింది తీసెయ్, నడిమికి ఎండ దిగాలి. ఆఁ, అట్లా పైనుంచి కొయ్యకు! ముందు కింద కొంచెం గాటు పెట్టు. లేకపోతే విరిగి పడుతూ తోలంతా లాక్కుపోతుంది. కొమ్మ మొదట్లో మెడలా ఉబ్బు ఉంది చూడు, దాన్ని ముట్టుకోకు, దాన్ని ఆనుకుని కొయ్యి. మోడు మిగల్చకు."

ప్రతి కొమ్మనూ కోసే ముందు అనంతమ్మ రంపం పిడితో టక్‌మని కొడుతోంది.

"అదెందుకమ్మా?"

"చెప్పి కోసుడు మంచిది గద."

మొదటి కొమ్మ తెగి పడ్డాక ఆమె అలవాటు కొద్దీ వెనక్కి తిరిగింది. వెనక బతుకమ్మ బుట్ట పట్టుకుని నిలబడి ఉంది. బుట్టలో చీలికలు లేవు. కోసిన గాట్లకు పూయడానికి మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద ఉంది. పని అయ్యేసరికి ఇద్దరి ముఖాల మీదా నీలం మరకలు పడ్డాయి. ఒకరినొకరు చూసి, కార్తీకం తరువాత మొదటిసారి నవ్వారు. నవ్వి, తప్పు చేసినట్టు ఆగిపోయారు. మళ్లీ నవ్వారు.

మూడో నంబరు చీలిన కొమ్మ కోసేశాక కూడా తనంత తాను నిలబడలేకపోయింది. దానికి మాత్రం ఎండిన కర్ర పాతి, పాత చీర పేలికతో వదులుగా కట్టమన్నారు వెంకటప్పయ్య గారు, గాలికి కదిలేటట్టు. అది విని సారంగపాణి మనసు విరిగింది. "వదులు గుంజనా? నేను చూడలేను చెల్లె, బస్సు టైమైంది" అని గేటు వైపు నడిచాడు, వీపు బయటికి పెట్టి, వెనక్కి వెనక్కి.

మృగశిర ఈదురుగాలితో వచ్చింది. ఆ గాలికి చెట్లు పొద్దంతా ఊగాయి. అనంతమ్మ కిటికీ దగ్గర కూర్చుని చూస్తూనే ఉంది. వాన వెలిశాక వెళ్లి చూస్తే ఐదూ ఉన్నాయి, ఆకులు తుడుచుకున్నట్టు మెరుస్తూ. బోదెలు ఆ వానాకాలమంతా లావెక్కాయి. రోలు చప్పుడును గేదె రెండు రోజులు అనుమానంగా చూసి, ఆ తరువాత సర్దుకుంది. కార్తీకంలో ఏడాది కార్యం అయింది. బతుకమ్మ ఇల్లందు వెళ్లిపోయింది.

పుష్యం పోతుండగా ఒకటో నంబరుకు, ఐదో నంబరుకు పూత కనిపించింది. ఎక్కువేమీ కాదు, చెట్టుకొక గుత్తి. వెంకటప్పయ్య గారి కంటికి అదీ ఆనింది.

"అనంతమ్మా, ఆ పూత గిల్లెయ్! మొన్ననే కోసిన చెట్లు, బోదె ఇంకా ముదరలేదు. ఈ ఏడు కాయ మోయిస్తే ఎదుగుదల ఆగిపోతుంది. వచ్చే ఏడు చూద్దాం."

ఆయన చెప్పింది నిజమేనని ఆమెకిప్పుడు తెలుసు. ఒకటో నంబరు గుత్తిని గోటితో తుంచి పాదులో వేసింది. ఐదో నంబరు దగ్గరికి వచ్చి, కొమ్మ కిందికి వంచి పట్టుకుంది. పూత నిండా సన్నని చీమలు తిరుగుతున్నాయి. ఒక్క కందిగింజంత పచ్చని పిందె అప్పుడే కట్టింది. అనంతమ్మ వేలు గుత్తి తొడిమ మీద కాసేపు ఉంది. తరువాత కొమ్మను మెల్లగా వదిలింది. అది పైకి లేచి, ఊగి, నిలబడింది.

"గిల్లావా అమ్మా?" కంచె అవతల నుంచి కేక.

"ఒకటో నంబరుది గిల్లిన అప్పయ్యగారూ."

"మరి ఐదోది?"

"దానికి నీళ్లు పెట్టాలె" అని, ఆమె బిందె చంకనెత్తుకుని బావి దిక్కు నడిచింది.